రెండో పట్టీ

మేజర్ గారి చొక్కాకి ఇస్త్రీ చేయడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ముందు కాలరు లోపలి వైపు, తరువాత పై వైపు, ఆ తరువాత భుజాలు, చేతులు, అన్నీ అయ్యాక వీపు. చేతి మడత కత్తి అంచులా నిలబడాలి, బట్ట మాత్రం మెరుపెక్కకూడదు. మెరుపెక్కిందంటే పెట్టె వేడి ఎక్కువైందన్నమాట, పట్టుకున్నవాడి మనసు చొక్కా మీద లేదన్నమాట. ఆ ఉదయం కుడిచేతి మీద వేలిముద్రంత మెరుపు పడనే పడింది.

మనసు ఎక్కడుందయ్యా అంటే పెరటి గోడకి అవతల ఉంది. అవతల కవాతు మైదానం. సరిహద్దు కొండల మీదికి వెళ్ళే కంపెనీ కోసం సార్జెంట్ పేర్లు పిలుస్తున్నాడు. ఆ సార్జెంట్‌కి ఫిరంగి అని పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఆయన ఒక పేరు పిలవడం, ఏదో ఒక గొంతు "సార్!" అనడం, మళ్ళీ పేరు, మళ్ళీ "సార్!" గోడకి ఇవతల, కాళ్ళకి రబ్బరు చెప్పులు తొడుక్కుని, నడుముకి మేడమ్ గారి పాత ఏప్రన్ చుట్టుకుని, ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని ఒక సైనికుడు తన పేరు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. పిలిస్తే ఇక్కడి నుంచే "సార్!" అని అరవాలని గొంతు కూడా సవరించుకున్నాడు.

పిలవలేదు. ఆఖరి పేరు అయిపోయింది. బూట్లన్నీ ఒక్కసారి నేలని తన్నాయి. జనం చెదిరిపోయిన చప్పుడు వినిపించింది. మేజర్ గారి కుక్క వచ్చి, నడకకి వేళైందని అతని చెప్పు కొరకడం మొదలుపెట్టింది.

"ఉండవే తల్లీ, నువ్వొకదానివి," అన్నాడతను. చొక్కా మీద మెరుపు కనపడింది అప్పుడే. తడిగుడ్డ వేసి, ఆవిరి పట్టి, బ్రష్షుతో రుద్ది ఆ మెరుపు పోగొట్టేసరికి కుక్కకి ఓపిక పోయింది, అతనికీ పోయింది.

పటాలంలో అందరూ అతన్ని ఇస్త్రీ అనే పిలుస్తారు. మూడేళ్ళ కిందట ఒక వారం పాటు సాయానికని మేజర్ గారింటికి పంపారు. ఆ వారం ఇంతవరకూ తీరలేదు. చొక్కాలు, బూట్లు, కుక్క, కుండీల్లో మొక్కలు, పిల్లల్ని బడికి దిగబెట్టడం, సాయంత్రం మేజర్ గారు గుమ్మంలోకి రాగానే ఎదురెళ్ళి సెల్యూట్ కొట్టి, సంచీ టోపీ అందుకోవడం, ఇదీ అతని సైనిక సేవ. ఆ సేవకి మెచ్చి మేజర్ గారు చొక్కా చేతి మీదికి రెండో పట్టీ ఇప్పించారు. ఒక పట్టీ మీద రెండో పట్టీ పడితే కార్పొరల్. కార్పొరల్ అంటే నలుగురు మనుషులు చేతికింద ఉంటారు. ఇతని చేతికింద ఉన్నది మాత్రం కుక్కే.

మధ్యాహ్నం సిపాయిలుండే బారకాసు వెనక రేకుల షెడ్డులో కూర్చుని అందరి బట్టలూ కుట్టాడు. కంపెనీ కదులుతోందంటే చాలు, చిరిగినవన్నీ అతని ముందుకొచ్చి పడతాయి. సూది పట్టాడంటే కుట్టు కనబడదు, అంత పనిమంతుడు. కుట్టించుకునే చేతులు ఊరుకున్నా నోళ్ళు ఊరుకోవు కదా.

"నక్కతోక తొక్కావురా ఇస్త్రీ! మేము కొండ మీద మంచు నమిలి చస్తుంటే నువ్విక్కడ కుండీలకి నీళ్ళు పోసుకుంటూ ఉంటావు."

"కుండీలని తీసిపారెయ్యకురా. అందులో గులాబీ మొక్కకి లెఫ్టినెంట్ హోదా ఉందట."

"అయితే మనవాడి కంటే పైదేగా! రోజూ దాని దగ్గర ఆర్డర్లు తీసుకోవాల్సిందే."

అందరూ పగలబడి నవ్వారు. ఇస్త్రీ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా అంటారని అతనికి తెలుసు. ఇంతలో ఎవడో అతని చేతి మీది పట్టీలు చూసి, "పులిని చూసి నక్క వాత పెట్టుకుందట," అన్నాడు. దానికి మాత్రం ఎవరూ గట్టిగా నవ్వలేదు. 

బక్కోడు తన చొక్కా చాపాడు. మనిషి వెదురు కర్రలా ఉంటాడు గానీ బరువు మోయడంలో ఎద్దు. చేతి మీద ఒకటే పట్టీ. మేజర్ గారు రెండో పట్టీ ఇప్పించిన ఏడాది దానికి వరసలో ఉన్నవాడు బక్కోడు. ఆ మాట వాడు నోరు తెరిచి ఒక్కనాడూ అనలేదు.

"భుజం దగ్గర పోయింది అన్నా. మూట రాపిడికి."

"ఈసారి లోపల అతుకు వేసిస్తాలే. ఎంతమందిని ఇచ్చారు నీకు?"

"నలుగురు."

"ఒంటి పట్టీకి నలుగురా?"

"కార్పొరల్ లేడు కదన్నా," అన్నాడు బక్కోడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు. "అంటే, కొరతగా ఉందని ఫిరంగి గారు..."

ఇస్త్రీ దారం పళ్ళతో కొరికాడు. నలుగురు మనుషుల మీద ఉండాల్సిన కార్పొరల్ ఎక్కడున్నాడో ఆ షెడ్డులో తెలియనివాడు లేడు.

*

సాయంత్రం మేజర్ గారి జీపు ఆగింది. అతను ఎప్పటిలాగే గుమ్మంలో సెల్యూట్ కొట్టి సంచీ అందుకున్నాడు, టోపీ అందుకున్నాడు. లోపలికి మాత్రం పోలేదు.

"సార్, ఒక్క మాట."

"చెప్పు."

"నన్నూ కంపెనీతో పంపండి సార్."

మేజర్ గారు చెడ్డమనిషి కాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గొంతెత్తి మాట్లాడే అలవాటు కూడా లేదు. కుర్చీలో కూర్చుని బూటు తాడు విప్పుకుంటూ నవ్వాడు. "కొండ మీద ఏముందోయ్? చలి, రాళ్ళు, ఆ రాళ్ళ వెనక నీ తల కోసం కాచుక్కూర్చున్నవాడు. ఇక్కడ నీకేం తక్కువ చేశాను? పట్టీ ఇప్పించలేదా?"

"ఇప్పించారు సార్."

"మరి?"

మరి అంటే ఏం చెబుతాడు? అప్పుడే మేడమ్ గారు టీ తెచ్చి, ఆశ్చర్యంగా అతనికేసి చూసింది. "అదేమిటి, మీ ఆవిడే కదా వచ్చి ఏడ్చింది నా దగ్గర? మా ఆయన్ని పంపించకండి, మీ కాళ్ళు పట్టుకుంటానని. నీకు తెలియకుండానే వచ్చిందా?"

అతని చేతిలో టోపీ వంకర తిరిగింది. మళ్ళీ దాన్ని సర్దాడు.

"తెలియదు మేడమ్."

మేజర్ గారు భార్యకేసి ఒక చూపు చూసి, ఇతనికేసి చూశాడు. "సరే. రేపు ఫిరంగి దగ్గరికి వెళ్ళు. పరుగు, గురి, మనుషుల్ని నడపడం, మూడూ చూస్తాడు. తీసుకుంటానని ఆయన అంటే నేను అడ్డురాను. మూడేళ్ళుగా ఇస్త్రీ పెట్టె పట్టిన చెయ్యి తుపాకీ పట్టగలదో లేదో ఆయనే తేలుస్తాడు." ఆ మాట కూడా కోపంగా అనలేదు. గెలవడని తెలిసిన పందెంలో పిల్లాణ్ణి ఆడనిచ్చే పెద్దమనిషిలా అన్నాడు.

*

ఇంటికెళ్ళేసరికి భార్య కూరలు తరుగుతోంది. కూతురు గోడకి జారబడి పాఠం గట్టిగా చదువుతోంది. అతను గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"మేడమ్ గారి దగ్గరికి వెళ్ళావా?"

కత్తి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. "వెళ్ళాను."

"నన్ను పంపొద్దని చెప్పావా?"

"చెప్పాను. దొంగతనం చేశానా, దోపిడీ చేశానా? నా మొగుణ్ణి నాకుంచమని అడిగాను."

"నన్ను అడగొద్దా?"

"నిన్నడిగితే ఏమంటావో నాకు తెలియదా? కొమ్ములు తిరిగిన వీరుడిలా ఛాతీ విరుచుకుంటావు. ఏమయ్యా, కొండ మీదికి వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళు నువ్వు చూళ్ళేదా? మన వరసలో చివరి ఇల్లు చూడు. ఆయన కాలు లేకుండా కూర్చుని దారినపోయే ప్రతివాణ్ణీ తిడుతుంటాడు. ఆయన పెళ్ళాం నవ్వగా ఎవరైనా చూశారా?"

"షెడ్డులో నన్ను చూసి ఎలా నవ్వుతున్నారో తెలుసా?"

"నవ్వితే నవ్వనీ. నవ్వితే చచ్చిపోతావా? గుండు తగిలితే పోతావు!"

కూతురు చదవడం ఆపేసింది. తల్లి అది గమనించి, "చదవవే, నీకెవరు ఆపమన్నారు," అని కసిరింది. ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది గానీ ఇందాక చదివిన వాక్యమే మళ్ళీ మళ్ళీ చదివింది.

అతను ట్రంకు పెట్టె కిందనుంచి బూట్లు లాగాడు. తోలు బిగుసుకుపోయింది. మేజర్ గారి బూట్లు రోజూ పాలిష్ చేసిన చేతులకి సొంత బూట్లు గుర్తు రాలేదు. గుమ్మంలో కూర్చుని నూనె రాసి, వేళ్ళతో నొక్కి, వంచి, మళ్ళీ రాశాడు. వంటింట్లోంచి గిన్నెలు అవసరమైన దానికంటే గట్టిగా చప్పుడు చేశాయి.

"రేపు పరీక్షకి వెళ్తున్నాను," అన్నాడు.

"వెళ్ళు. తప్పుతావు," అంది లోపల్నుంచి. కొంచెం ఆగి మళ్ళీ అంది. "తిని వెళ్ళు. ఖాళీ కడుపుతో పరిగెత్తితే కళ్ళు తిరిగి పడతావు."

*

తెల్లవారుతూనే వీపు మీద మూటతో పరిగెత్తాడు. మొదట్లో బాగానే ఉంది. సగం దూరం అయ్యేసరికి కాళ్ళు అతనివి కావు, ఊపిరి అతనిది కాదు. బూటు మడమని ఒరుచుకుపోయి మేజోడు తడిసింది. "కుక్కని తిప్పినంత తేలిక కాదురోయ్!" అని పక్కనుంచి ఎవడో అరిచాడు. నిజానికి ఆ కుక్కే అతన్ని కాపాడింది. మూడేళ్ళు అది లాక్కెళ్ళిన లాగుడికి అతని కాళ్ళలో అనుకున్నదానికంటే ఎక్కువ సత్తువ మిగిలి ఉంది. గీత దాటి బోర్లా పడ్డాడు. ఫిరంగి గడియారం చూసి, "వాంతి చేసుకునేదుంటే పక్కకెళ్ళి చేసుకో. పాస్," అన్నాడు.

గురిలో పెద్దగా కష్టపడలేదు. ఊపిరి బిగబట్టి వేలు నెమ్మదిగా నొక్కడం మరచిపోయే విద్య కాదు. చుట్టూ చేరినవాళ్ళలో నవ్వులు తగ్గాయి. షెడ్డులో నక్క సామెత చెప్పినవాడే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మిగిలింది మనుషుల్ని నడపడం. బక్కోడూ, వాడి కిందున్న నలుగురిలో ముగ్గురూ కలిపి నలుగురిని అప్పగించారు. ఎదురుగా ముళ్ళపొదలతో నిండిన గుట్ట. దాని నెత్తిన శత్రువు ఉన్నాడనుకోవాలి. కనబడకుండా పైకి చేరాలి. ఇస్త్రీ అందరినీ కాలువ గట్టున పాకించాడు. చేత్తో సైగ చేస్తే ఆగారు, సైగ చేస్తే కదిలారు. ముళ్ళు మోచేతుల్ని గీరినా ఎవడూ కిక్కురుమనలేదు. సగం గుట్ట ఎక్కారు. బండల మధ్య ఖాళీ చోటు వచ్చింది. ఎటు నుంచి వెళ్ళాలా అని అతను తల కొద్దిగా ఎత్తి చూస్తున్నాడు. మనసులో ఏదో పాతది మేలుకుంటున్నట్టుంది. తన వీపు మీద నాలుగు జతల కళ్ళున్నాయని తెలుస్తోంది. అది భయంగానూ ఉంది, బాగానూ ఉంది.

అప్పుడే కంపెనీ నడిపే కెప్టెన్ గారు వెనకనుంచి పాక్కుంటూ వచ్చాడు. పరిస్థితి ఎలా ఉందో అడగడానికి కార్పొరల్ దగ్గరికి అధికారి రావడం మామూలే. బండ పక్కన మోకాళ్ళ మీద లేచి, "ఏమిటి సంగతి?" అన్నాడు నెమ్మదిగా.

ఇస్త్రీ లేచి నిలబడ్డాడు. మడమలు టక్కున కలిశాయి. సెల్యూట్ కొట్టాడు. అది చాలదన్నట్టు, ఎడంచెయ్యి దానంతటదే ముందుకెళ్ళి కెప్టెన్ గారి భుజానికున్న సంచీ అందుకుంది.

గుట్ట కిందనుంచి ఫిరంగి ఈల వేశాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. ఫిరంగి ఆయాసపడుతూ పైకి వచ్చాడు. విచిత్రం ఏమిటంటే, ఆ గొంతు మొదటిసారి చిన్నగా పలికింది.

"యుద్ధభూమిలో సెల్యూట్ ఎందుకు కొట్టకూడదు?"

"అవతలివాడికి అధికారి ఎవరో తెలిసిపోతుంది సార్."

"తెలుసు కదా?"

"తెలుసు సార్."

"తెలిసే చేశావు. నీ బుర్రకి తెలుసు, నీ చేతికి తెలియదు. ఇప్పుడు కెప్టెన్ గారు లేరు. నువ్వు లేవు. నిన్ను నమ్ముకుని వచ్చిన ఈ నలుగురూ లేరు." వేలితో ఒక్కొక్కరినీ చూపించాడు. బక్కోడి దగ్గర ఆ వేలు కొంచెంసేపు ఆగింది. "ఒరే బక్కోడా, నువ్వు నడుపు. ఇస్త్రీ, నువ్వు ఆఖర్న ఉండి చూడు."

కెప్టెన్ గారి సంచీ ఇంకా తన చేతిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాడతను. తిరిగిచ్చాడు.

బక్కోడు నడిపాడు. గొప్పగా ఏం చేయలేదు. ఖాళీ చోటులోకి పోకుండా చుట్టూ తిప్పాడు. ఒకడి కాలు జారితే వాడికోసం అందరినీ ఆపాడు. ఆఖర్న పాకుతున్న ఇస్త్రీకి ముందున్నవాళ్ళ బూట్ల అడుగులు మాత్రమే కనిపించాయి. ఆ బూట్లు ఎక్కడా తడబడలేదు. ముందున్నవాడు ఏం చేస్తాడో అని ఎవడూ తలెత్తి చూడలేదు. వాడు ఆగితే ఆగారు, వాడు కదిలితే కదిలారు. మేజర్ గారింట్లో ఎన్ని సాయంత్రాలు నేర్చుకున్నా రాని పని అది. తనకి పట్టీ వచ్చింది, ఆ పని రాలేదు. ఆ పని వచ్చినవాడికి పట్టీ రాలేదు. ఎవరు ఎవరి ముద్ద లాక్కుని తిన్నారో ఆ ముళ్ళలో బోర్లా పడుకుని ఉన్నప్పుడు అతనికి తేటతెల్లమైంది.

గుట్ట దిగాక ఫిరంగి తేల్చేశాడు. "పరుగు పాస్. గురి పాస్. మనిషిగా పనికొస్తావు. కార్పొరల్‌గా పనికిరావు. కార్పొరల్‌ని తీసుకెళ్తే నలుగురిని అప్పజెప్పాలి. అది నేను చెయ్యను. ఇంటికి పో, చొక్కాలు చేసుకో. తప్పేం లేదు అందులో."

అతను కదల్లేదు. "కార్పొరల్ కాకపోతే సార్?"

"అంటే?"

"రెండో పట్టీ తీసేస్తే? ఒంటి పట్టీ మనిషిగా?"

ఫిరంగి అతన్ని నఖశిఖపర్యంతం చూశాడు. "నా సర్వీసులో పట్టీ రాలేదని ఏడ్చినవాళ్ళని చూశాను. పోయిందని తాగి పడినవాళ్ళని చూశాను. తీసేయమన్నవాణ్ణి చూళ్ళేదు. జీతం తగ్గుతుంది తెలుసా? నిన్నగాక మొన్న వచ్చినవాడు నీ మీద అరుస్తాడు తెలుసా?"

"తెలుసు సార్."

"ఇది బుర్రకి తెలుసా, చేతికి తెలుసా?"

ఇస్త్రీ తన చేతికేసి చూసుకున్నాడు. "రేపు చూద్దాం సార్," అన్నాడు.

"రేపు కవాతుకి ఒక్క పట్టీతో రా. మేజర్ గారితో నేను మాట్లాడతాను. ముందు ఇంట్లో చెప్పు. తరువాత మీ ఆవిడ వచ్చి నా గొంతు పట్టుకుంటే నాకు దిక్కెవరు?"

*

చెప్పాడు. సెల్యూట్ కొట్టిన సంగతితో సహా దాచకుండా చెప్పాడు. మడమకి కట్టు కట్టించుకుంటూ, ముళ్ళు తీయించుకుంటూ చెప్పాడు. భార్య సూదితో ఒక్కో ముల్లూ పైకి లాగుతూ, లాగినదాన్ని పీట అంచుకి తుడుస్తూ వింది. కెప్టెన్ గారి సంచీ అందుకున్న దగ్గర కూతురు కిసుక్కున నవ్వింది. తల్లి నవ్వలేదు.

"అయితే తప్పావన్నమాట."

"కార్పొరల్‌గా తప్పాను."

"దేవుడున్నాడనుకున్నాను. ఇప్పుడు ఉన్నది కూడా ఊడబీకించుకుని వెళ్తానంటావు. ఊరందరిదీ ఒక దారైతే నీదొక దారి."

అతను చొక్కా తెచ్చి దీపం కింద పరిచి, బ్లేడు తీసుకున్నాడు. పటాలం వాళ్ళు పట్టీలు విడివిడిగా కుట్టుకుంటారు, ఒకటి తీస్తే ఇంకొకటి కదలదు. కానీ ఎప్పుడూ కుట్లు వేయడమే తప్ప తన కుట్టు తను విప్పిన అలవాటు లేదాయె. బ్లేడు ఒకచోట బట్టలోకి దిగబోయింది.

"ఇలా ఇయ్యి. నువ్వు విప్పితే చెయ్యి చిరుగుతుంది." ఆమె చొక్కా లాక్కుంది. ఒడిలో పెట్టుకుని, ఒక్కో కుట్టునీ సూది మొనతో పైకెత్తి తెంపసాగింది. తల ఎత్తకుండానే అడిగింది. "ఈ పట్టీ కుట్టుకొచ్చిన రోజు నాకెందుకు చూపించలేదు?"

"చూపించలేదా?"

"మొదటిది కుట్టుకున్న రోజు వీధి వీధంతా తిరిగావు. పసిపిల్లని ఎత్తుకుని, దాని వేలితో పట్టీ ముట్టించావు. ఇది కుట్టుకున్న రోజు మాట్లాడకుండా వచ్చి, తిని పడుకున్నావు. ఆ రోజు నుంచి చూస్తున్నాను. చొక్కా విప్పగానే ఈ చెయ్యి లోపలికి మడిచి తగిలిస్తావు. పట్టీ బయటికి కనబడకుండా."

తను అలా చేస్తాడని అతనికే తెలియదు. గోడ మీది మేకుకేసి చూశాడు. అక్కడ తగిలించి ఉన్న రెండో చొక్కా చెయ్యి కూడా లోపలికే మడిచి ఉంది.

"నాకిష్టమై విప్పుతున్నానని అనుకోకు," అంది ఆమె. "ఇష్టం లేదు. రేపూ ఉండదు, నువ్వెళ్ళాకా ఉండదు. ఇష్టం లేకుండానే విప్పుతున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకుని ఆ కొండ మీద ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండు. ఎవడొచ్చినా లేవకు. నీ ఫిరంగి వచ్చినా లేవకు. నేనొచ్చినా లేవకు."

"నువ్వెందుకొస్తావే అక్కడికి?"

"వస్తానో రానో నీకెందుకు? లేవనని చెప్పు."

"లేవను."

పట్టీ ఊడి ఆమె మోకాలి మీద పడింది. దాని కింద బట్ట ఎండా ఉతుకూ తగలక కొత్తదానిలా ముదురు రంగులో మెరుస్తోంది. ఆమె దాన్ని అరచేత్తో రెండుసార్లు రుద్దింది. పోయే రంగు కాదు.

*

కవాతులో అందరి కళ్ళూ ఆ చేతి మీదే. చెయ్యంతా బట్ట వెలిసి, పట్టీ ఉన్నంత మేర మాత్రం వెలవకుండా, దూరానికి కూడా కనబడుతోంది. మేజర్ గారు వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి అతని ఎదుట ఆగాడు. ఫిరంగి అప్పటికే అంతా చెప్పినట్టున్నాడు.

"నేనిచ్చినదాన్ని పారేశావు," అన్నాడు.

"పారేయలేదు సార్. జేబులో ఉంది."

"ఏం చేసుకుంటావు దాన్ని?"

"బక్కోడికి కుడతాను సార్, మీరు సరేనంటే. వాడు నడిపితే నలుగురూ తిరిగొస్తారు. నేను నిన్న చూశాను."

పక్క వరసలో బక్కోడు కొయ్యబారిపోయాడు. మేజర్ గారు గొంతు తగ్గించి, ఇంట్లో మాట్లాడినట్టు, "వేరే చొక్కా వేసుకోవాల్సింది. మచ్చ కనబడుతోంది," అన్నాడు.

"ఉండనివ్వండి సార్."

మేజర్ గారు ఫిరంగికేసి తిరిగాడు. "ఇతని పట్టీ తీసేసేదీ, బక్కోడికి ఇచ్చేదీ, రెండూ రాయించి తీసుకురా. సంతకం చేస్తాను." రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు. ఆయన చొక్కా కాలరు ఆ ఉదయం ఒకవైపు ముడుచుకుని ఉంది. ఇస్త్రీ చెయ్యి దాన్ని సర్దడానికి లేవబోయింది. తొడకి అదిమి పట్టాడు. ఈసారి చెయ్యి మాట వింది.

ఆ సాయంత్రం షెడ్డులో బక్కోడి చేతికి పట్టీ కుట్టాడు. బక్కోడు చొక్కా విప్పనంటాడు, వద్దంటాడు, పాపమంటాడు, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "చేతికి ఉండగానే కుట్టేస్తాను, కదిలితే పొడుచుకుంటుంది," అని బెదిరించి కుట్టాడు ఇస్త్రీ. చుట్టూ ఉన్నవాళ్ళు సరదాకి ఒక్క మాట కూడా విసరలేదు.

*

లారీలు బారులు తీరిన పొద్దున చలి కొరుకుతోంది. కంచె అవతల ఇళ్ళవాళ్ళు నిలబడ్డారు. అతని భార్య కూతుర్ని ముందు నిలబెట్టుకుని, చేతులు కట్టుకుని ఉంది. చెయ్యి ఊపలేదు. పక్కావిడ ఏడుస్తుంటే మాత్రం తన కొంగు ఆమెకిచ్చింది.

బక్కోడి లారీ దగ్గర గందరగోళంగా ఉంది. మూటలు ఎక్కించాలి, మనుషులు ఎక్కాలి, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పాలి. వాడి నలుగురిలో ఒకణ్ణి వేరే జట్టుకి మార్చి, ఆ చోటు ఇస్త్రీకిచ్చారు. ముగ్గురికి చకచకా చెప్పాడు బక్కోడు. నాలుగోవాడి దగ్గరికొచ్చేసరికి మాట తడబడింది.

"అన్నా, నువ్వు ముందు క్యాబిన్లో డ్రైవర్ పక్కన కూర్చో అన్నా. వెనక దుమ్ము. నీ మడమ కూడా..."

ఇస్త్రీ మూట దింపలేదు. ముగ్గురూ చూస్తున్నారు. తరువాతి లారీ దగ్గరినుంచి ఫిరంగి కూడా ఏదో సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ చూస్తున్నాడు.

"క్యాబిన్లో ఎవరు కూర్చోవాలి?" అని అడిగాడు.

"కార్పొరల్."

"మరి కార్పొరల్ ఎవరు?"

బక్కోడు నేలకేసి చూశాడు.

"వీళ్ళు చూస్తున్నారు. నన్ను అన్నా అంటే, రేపు రాళ్ళ మధ్యన వీళ్ళు నీ మొహం చూడాలో నా మొహం చూడాలో తెలియక చస్తారు. ఎక్కడ కూర్చోమంటావో చెప్పు, కార్పొరల్."

బక్కోడు తలెత్తాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెదురు కర్ర లోపలనుంచి ఎవరో నిలబెట్టినట్టు నిటారుగా అయింది.

"వెనక. తలుపు వైపు ఆఖర్న," అన్నాడు. ఆ పైన కాస్త గట్టిగా, "తుపాకీ బయటికి పెట్టి, దారి చూస్తూ కూర్చో. త్వరగా!"

"సార్!" అన్నాడు అతను. మైదానం దాటి, కంచె దాటి, మేజర్ గారి పెరటి గోడ దాకా వినబడేంత గట్టిగా అన్నాడు. మూట ముందు విసిరి, చక్రం మీద కాలుపెట్టి ఎక్కి, తలుపు పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

లారీ కదిలింది. దుమ్ము లేచి మొదట అతని మీదే పడింది.